నేల యూపిరి నెఱిగిన శాస్త్రజ్ఞుడు: ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్

స్నానమాడిన నీరు, పాత్రలు తోమిన నీరు, మరుగుదొడ్డి నీరు ఇంటి తూము దాటినంతనే మన మనస్సును కూడ దాటిపోవును. ఆ నీరు తరువాత ఏ గతి పొందునో యోచించువారు అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఆ యోచనకు తన జీవితములోని ముప్పదియేండ్లకు పైబడిన కాలమును వెచ్చించిన రసాయనశాస్త్రజ్ఞుడు ఒకడు కలడు. నేడు ఐరోపాలోని పెక్కు పల్లెలలో కిక్కసగడ్డి నాటిన కంకరమళ్లలో మురుగునీటిని పారించి శుద్ధిచేయుచున్నారు. మన కొల్లేటి యొడ్డున పెరుగు కిక్కసకు ఆ గడ్డి దగ్గరి చుట్టము. ఆ మళ్లలో అనేకములకు ఇప్పుడు వార్ధక్యము వచ్చినది. వానిని బాగుచేయబూనిన ఇంజనీర్లు, తెలిసియో తెలియకయో, ఈ రసాయనవేత్త 1870లో నిరూపించిన సత్యమునకే మఱలి వచ్చుచున్నారు. ఆతడే సర్ ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్.

ఫ్రాంక్‌లండ్ 1825వ సంవత్సరము జనవరి 18వ తేదీన లాంకషైరు మండలమున గార్‌స్టాంగు చేరువనున్న కాటరాల్ గ్రామమున జన్మించెను. తల్లి మార్గరెట్ ఫ్రాంక్‌లండ్ ఒక సంపన్న గృహమున పరిచారిక. ఆ యింటి కుమారుడు, తరువాత న్యాయవాదియైన ఎడ్వర్డ్ గోర్‌స్ట్ శిశువునకు తండ్రి. వారికి వివాహము జరుగలేదు. తండ్రి కుటుంబము కొంత ధనము నేర్పాటు చేసి, దానికి బదులుగా ఆ పేరు వెల్లడి కారాదని నిబంధన విధించెను. అందుచేత బాలుడు తల్లి యింటిపేరుతోనే పెరిగెను. తల్లి తరువాత విలియం హెల్మ్ అనునాతని వివాహమాడెను. విక్టోరియా రాణి కాలపు సమాజమున ఇట్టి పుట్టుక మోయరాని బరువు. ఫ్రాంక్‌లండ్ ఎంతటి కీర్తి గడించినను ఆ రహస్యమును తుదివరకు దాచికొననే వలసివచ్చెను.

పదునైదవ యేట, 1840లో, అతడు లాంకాస్టరు పట్టణమున ఒక మందులదుకాణమున శిష్యుడుగా చేరెను. వైద్యుడు కావలెనని కోరిక. వైద్యవిద్యకు డబ్బు లేదు. మందులు నూరుట వైద్యమునకు మొదటి మెట్టని యెవరో చెప్పిన మాటను నమ్మి చేరెను. అక్కడ అతడు నేర్చినది కల్వమున మందులు నూరుట, మూటలు మోయుట, పొట్లములు కట్టుట. అట్లు ఆరేండ్లు గడచెను. ఆ చాకిరిలో మిగిలిన సాయంకాలములందు ఆ పట్టణపు వైద్యులు జాన్సన్ కుటుంబమువారు పనివాండ్ర పిల్లల కొఱకు నెలకొల్పిన చిన్న ప్రయోగశాల అతనికి తెరచియుండెను. రసాయనశాస్త్రమున అతనికి నిజమైన అక్షరాభ్యాసము జరిగినది అచ్చటనే. ఆ కుటుంబమువారే అతనికి లండనుకు దారి చూపిరి.

1845లో లండను చేరి లయన్ ప్లేఫెయిర్ ప్రయోగశాలలో పని సంపాదించెను. రెండేండ్లకు హాంప్‌షైరులోని క్వీన్‌వుడ్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. భౌతికశాస్త్రమున తరువాత పేరొందిన జాన్ టిండల్ అచ్చట అతని సహోపాధ్యాయుడు. ఇరువురును ఒకరికొకరు పాఠములు చెప్పుకొని చదువుకొనిరి. 1848లో ఇరువురును కలసియే జర్మనీలోని మార్బర్గు విశ్వవిద్యాలయమునకు, బున్‌సెన్ పండితుని శిష్యరికమునకు వెడలిరి. మరుసటియేట ఫ్రాంక్‌లండ్ డాక్టరు పట్టము పొందెను. ఆ యేటనే సేంద్రియ పదార్థమును జింకు లోహముతో కలిపిన క్రొత్త సమ్మేళనములను సృష్టించెను. గాలి సోకినంతనే భగ్గుమని మండు ఆ ద్రవములను శోధించుచు, ప్రతి మూలకపు పరమాణువునకును ఇతర పరమాణువులను పట్టుకొను శక్తి ఒక నియతసంఖ్యకు లోబడియుండునని గ్రహించి 1852లో ప్రకటించెను. నేడు కళాశాల విద్యార్థులు సంయోజకత యని చదువుకొను సిద్ధాంతమునకు అది పునాది.

1851లో మాంచెస్టరు నగరమున క్రొత్తగా వెలసిన ఓవెన్స్ కళాశాలకు తొలి రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. మార్బర్గులో పరిచయమైన సోఫీ ఫిక్ అను జర్మను యువతిని ఆ యేటనే పెండ్లియాడెను. 1857లో లండనుకు మఱలెను. 1859లో టిండలుతో కూడి మాంట్ బ్లాంక్ శిఖరముపై ఒక రాత్రి గడపి, పలుచని గాలిలో కొవ్వొత్తులు ఎట్లు మండునో పరీక్షించెను. 1863లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆచార్యుడై, 1865లో హాఫ్‌మన్ విడిచిన రాయల్ కెమిస్ట్రీ కళాశాలాచార్య పదవిని గ్రహించెను. సూర్యకాంతిలోని ఒక పసుపుగీత ఏ భూలోక మూలకమునకును చెందదని కనుగొని హీలియమునకు పేరు పెట్టిన కథలో లాకియరుతో పాటు ఇతని పేరును వినబడును. ఇంతటి కీర్తి గలవాడు మురుగునీటి జోలికి ఏల పోయెను?

దానికి కారణము లండను నగరపు నీరే. ఆ నగరవాసులు త్రాగు నీటిలో అధికభాగము థేమ్సు, లీ నదులది. ఆ నదులలోనే ఎగువ పట్టణముల మురుగు కలియుచుండెను. 1858 వేసవిలో థేమ్సు కంపునకు పార్లమెంటు సభ్యులే సభామందిరమున నిలువలేకపోయిరి. నగరమున జోసెఫ్ బాజల్‌గెట్ పెద్ద మురుగుకాలువలు త్రవ్వించుచుండగనే 1866లో తూర్పు లండనున కలరా చెలరేగి అయిదువేలకు పైగా జనులను బలిగొనెను. సరిగా వడపోయని నీటిని ఒక నీటికంపెనీ పంపుటయే దానికి మూలమని విచారణలో తేలెను. అంతకు ముందేటనే, 1865లో, లండను నీటిని నెలనెలకు పరీక్షించి ప్రభుత్వమునకు నివేదించు బాధ్యతను ఫ్రాంక్‌లండ్ స్వీకరించియుండెను. మరణించువరకు ఆ పని మానలేదు.

ఆ విపత్తులో రసాయనశాస్త్రపు శక్తిహీనత అతనికి బోధపడెను. నీటిలో ఎంత సేంద్రియ పదార్థమున్నదో తూచగలడు. అందు కలరా కారకమున్నదో లేదో తేల్చలేడు. కోఖ్ పండితుడు కలరా సూక్ష్మజీవిని నిరూపించుటకు ఇంకను పదునేడు పదునెనిమిదేండ్లు జరుగవలసియుండెను. కనిపించని విషమును పట్టలేనివాడు ఏమి చేయవలెను? నీటి చరిత్రను అడుగవలెనని ఫ్రాంక్‌లండ్ నిర్ణయించెను. మురుగులోని నత్రజని పదార్థము కుళ్లి, మారి, తుదకు నైట్రేటు లవణములుగా నీటిలో మిగిలియుండును. చూపునకు స్ఫటికమువలె నున్న నీటిలో ఆ లవణములు మిక్కుటముగా నున్నచో, అది ఒకనాడు మురుగు కలిసిన నీరేయని లెక్కకట్టి, పూర్వ మాలిన్యమను పేరుతో అంకెలు ప్రకటింపసాగెను. నీటికంపెనీలు మండిపడినవి. పారు నది కొన్ని మైళ్లలో తనంతట తాను శుద్ధమగునని వారి పక్షపు రసాయనవేత్తలు వాదించిరి. ఇంగ్లండులోని ఏ నదికిని అంత పొడవు లేదని ఫ్రాంక్‌లండ్ పక్షము. ఆ అంకెలలో అతిశయోక్తి యుండెనని తరువాతివారు చెప్పుట నిజమే. ఐనను, తన గతమును జన్మాంతము దాచికొనవలసి వచ్చిన ఆ మనుష్యుడు నీటి గతమును మాత్రము ఎవరిని దాచనీయలేదు.

1868లో నదుల కాలుష్యమును విచారించుటకు రాణి ప్రభుత్వము ముగ్గురు సభ్యుల కమిషను నేర్పరచెను. సర్ విలియం డెనిసన్, వ్యవసాయ నిపుణుడు జాన్ చామర్స్ మార్టన్, ఫ్రాంక్‌లండ్ ఆ ముగ్గురు. ప్రయోగముల భారమంతయు ఫ్రాంక్‌లండుదే. ఆ దినములలో మురుగును శుద్ధిచేయుటకు రెండు మార్గములు వాడుకలో నుండెను. సున్నము మొదలైనవి కలిపి మడ్డిని అడుగంటించుట మొదటిది; పైకి తేట వచ్చునుగాని కరగియున్న మాలిన్యము అట్లే నదిలోనికి పోవును. మురుగును పొలములకు పారించుట రెండవది. మేలైనదే కాని నూర్లకొలది ఎకరములు కావలెను. కొద్దిపాటి నేలతో ఆ పని జరుగునా యనునది ప్రశ్న.

ఫ్రాంక్‌లండ్ గాజు గొట్టములను తెప్పించి కొన్నిటిలో ఇసుక, కొన్నిటిలో వివిధ ప్రాంతముల మన్ను నింపి, లండను మురుగునీటిని పోసి నెలల తరబడి పరీక్షించెను. క్రిందినుండి పైకి ఎడతెగక నీరు నిండియుండునట్లు చేసిన గొట్టమునుండి మురుగు మురుగుగానే వెలువడెను. పైనుండి క్రిందికి, విడతలు విడతలుగా, ఒక విడతకును మఱియొక విడతకును నడుమ విరామమిచ్చి పోసిన గొట్టమునుండి తేటనీరు వచ్చెను. అందలి అమ్మోనియా, కుళ్లు పదార్థములు నైట్రేటులుగా మారియుండెను. ఇసుక అదే, మురుగు అదే. భేదమంతయు విరామములోనే యున్నది. నీరు క్రిందికి దిగునపుడు తన వెనుక గాలిని లోనికి లాగికొనును. ఆ గాలిలోని ఆమ్లజని రేణువుల నడుమ నిలచి మాలిన్యమును దహించును. మఱల నీరు వచ్చినపుడు వాడిన గాలి తొలగును. మన యూపిరితిత్తులవలె నేలయు గాలి పీల్చి విడుచుచున్నదని ఫ్రాంక్‌లండ్ గ్రహించెను. నిరంతరము నీట మునిగియున్న నేలకు ఊపిరాడదు. నీటిగుండ ఆమ్లజని ప్రాకు వేగము గాలిలో ప్రాకు వేగమున పదివేలవ వంతు మాత్రమే. ఈ పద్ధతికి విరామ వడపోత యని చెప్పదగును. 1870లో వెలువడిన కమిషను మొదటి నివేదికలో దీని వివరము ప్రకటితమయ్యెను.

గాజుగొట్టమున నిజమైనది ఊరిలో నిజమగునా? వేల్సు దేశమున మెర్తిర్ టిడ్‌ఫిల్ అను ఇనుపకొలుముల పట్టణము కలదు. ఆ ఊరి మురుగు టాఫ్ నదిలో పడుచుండగా దిగువవారు న్యాయస్థానమున నిషేధాజ్ఞ తెచ్చిరి. పట్టణ సంఘము దిక్కుతోచకయుండ, బెయిలీ డెంటన్ అను ఇంజనీరు 1871లో సుమారు 20 ఎకరముల కంకరనేలను సిద్ధముచేసెను. ఆరడుగుల లోతున గొట్టములు పరచి, నేలను నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు దినమున ఆరు గంటలు మాత్రమే మురుగు విడిచి, తక్కిన పదునెనిమిది గంటలు విశ్రాంతి నిచ్చెను. బోదెలపై కోసుకూర మొదలగు పైరులు వేసెను. వడపోతకు నేల, నేలపై పైరు. నేటి కిక్కసమళ్లకు పూర్వరూపమిది. గొట్టములనుండి వెలువడిన నీరు తేటగా నుండెను. కాని ఇతర పట్టణములు కొన్ని ఈ యేర్పాటును అనుకరించుచు విశ్రాంతిని మాత్రము విస్మరించినవి. మురుగు పెరిగినకొలది నేలకు విరామము తగ్గించినవి. రంధ్రములు పూడి, పైని నీరు నిలిచి, దుర్గంధము వ్యాపించెను. మురుగుచేత నేలకు రోగము వచ్చినదని ఇంజనీర్లు చెప్పుకొనసాగిరి.

కమిషను ఆరవదియు తుదిదియునైన నివేదికను 1874లో సమర్పించెను. ఆ యేటనే సోఫీ క్షయవ్యాధిచేత కన్నుమూసెను. రెండేండ్లకు నదీకాలుష్య నివారణ చట్టము వచ్చెను. కాని కమిషను సూచించిన కొలతలను, పరిమితులను పార్లమెంటు చట్టమున చేర్పలేదు. కర్మాగారముల యజమానుల బలమట్టిది. ఫ్రాంక్‌లండ్ నిరాశపడి పని మానలేదు. నెలనెల నీటిపరీక్ష సాగుచునే యుండెను.

అతని సిద్ధాంతమున ఒక లోపము కలదు. మాలిన్యమును దహించునది కేవలము ఆమ్లజనియేయని, అది రసాయనక్రియయని అతడు తలచెను. 1877లో ఫ్రాన్సు దేశపు ష్లోజింగ్, మ్యుంట్జ్ అను శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టముగుండ మురుగును పారించిరి. సుమారు ఇరువది దినముల వరకు నైట్రేటు జాడయే లేదు. పిదప అది విస్తారముగా వచ్చెను. అంతట క్లోరోఫారము ఆవిరిని పంపగా నైట్రేటు నిలిచిపోయెను. క్లోరోఫారము మత్తెక్కించునది ప్రాణులనే గాని ఇసుకను కాదు గదా! నేలలో పనిచేయునవి సూక్ష్మజీవులని అట్లు తేలెను. ఆ జీవులను వేరుపరచు కృషిలో 1890లో పేరొందినవారిలో ఫ్రాంక్‌లండ్ కుమారుడు పెర్సీ, కోడలు గ్రేస్ ఉండిరి. తండ్రి పనిని చూచెను, పనివారిని చూడలేదు. ఆ పనివారిని చూపినది కన్నకొడుకే. ఐనను తండ్రి కనుగొన్న విరామసూత్రము చెక్కుచెదరలేదు. ఆ జీవులు ఊపిరి పీల్చునవే గనుక వానికిని గాలి కావలెను. 1887లో అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున లారెన్సు పట్టణపు ప్రయోగకేంద్రము ఆ సూత్రముపైననే తన పరిశోధనలను ఆరంభించెను.

ఇక కిక్కసమళ్ల మాట. 1950 దశకమున జర్మనీలో కేథే సీడెల్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు తుంగజాతి మొక్కలు మలిననీటిని బాగుచేయునని పరీక్షలు ప్రారంభించెను. ఆమె తరువాత రైన్‌హోల్డ్ కికుత్ మట్టిలో కిక్కస నాటి, అడ్డముగా మురుగును పారించు పద్ధతిని ప్రచారము చేసెను. వేళ్లు మట్టిని వదులుచేయుననియు, ఆకులనుండి వేళ్లకు దిగు ఆమ్లజనియే చాలుననియు ఆశ. 1985 ప్రాంతమున ఇంగ్లండువారు ఈ పద్ధతిని తెచ్చుకొనిరి. మట్టిలో నీరు ఇంకకపోవుటచేత కంకర వాడిరి. విద్యుత్తు అక్కరలేదు, కావలివాడు అక్కరలేదు, చూచుటకు పచ్చగా నుండును. చిన్న పల్లెలకు ఇంతకంటె ఏమి కావలెను? మధ్య ఇంగ్లండులో నూర్లకొలది మళ్లు వెలసినవి.

కాలము గడచినకొలది లోపములు బయటపడినవి. వేళ్లనుండి వచ్చు ఆమ్లజని ఆశించినదానిలో స్వల్పభాగమే. అడ్డముగా పారు మడి ఎల్లప్పుడును నీట మునిగియుండును. ఫ్రాంక్‌లండ్ ఎడతెగక నీరు నింపిన గొట్టపు స్థితియే దానిదియు. ముందున్న తొట్టిలో మడ్డిని సకాలమున తీయనిచో అది మడిలోనికి కొట్టుకొనివచ్చును. దానికి తోడు చచ్చిన వేళ్లు, సూక్ష్మజీవుల జిగురు కంకర నడుమ పేరుకొనును. ఇరువదియేండ్లు నిలుచునని తలచిన మళ్లు కొన్ని పదియేండ్లకే పూడినవి. పైని నీరు నిలుచుట, కలుపు పెరుగుట, కంపు కొట్టుట వార్ధక్య లక్షణములు.

అట్టి మడిని పునరుద్ధరించుటకు నేడు పలు మార్గములు కలవు. కంకరను త్రవ్వి, అచ్చటనే కడిగి, మఱల నింపి క్రొత్త మొక్కలు నాటుట ఒకటి. అడుగున సన్నరంధ్రముల గొట్టములు పరచి యంత్రముతో గాలి నూదుట మఱియొకటి. అడ్డపు పారుదల మాని, మడిపైన విడతలుగా నీరు వదలి నిలువుగా దిగునట్లు మార్చుట మూడవది. ఫ్రాన్సు దేశపు పల్లెలలో మూడు మళ్లను వరుసగా వాడుదురు. ఒక్కొక్కదానికి మూడున్నర దినములు మురుగు, పిదప ఏడు దినములు విశ్రాంతి. పైని పేరుకొన్న మడ్డి ఆ విశ్రాంతిలో ఎండి, మక్కి, ఎరువగును. గాలికి ఊగు కిక్కసకాడలు ఆ పొరలో త్రోవలు తెరచును. పదిపదునైదేండ్ల కొకసారి ఆ మడ్డిని తీసిన చాలును. ఇవన్నియు చూడ వేఱువేఱు పద్ధతులు. నీటిని పంపుటతో పాటు గాలిని కూడ పంపవలెననుట వీనిలో పెక్కింటికి మూలసూత్రము. కంకర కడిగి క్రొత్త మొక్కలు నాటి, తొట్టిని శుభ్రపరుపక, మోయలేని మురుగును మఱల మోపినచో, ఆ మడి రెండవసారియు పూడుట తథ్యము. రోగికి క్రొత్తబట్టలు కట్టినంతమాత్రమున రోగము పోదు గదా!

ఫ్రాంక్‌లండ్ 1875లో ఎలెన్ గ్రెన్‌సైడును ద్వితీయ వివాహము చేసికొనెను. 1897లో ప్రభుత్వము అతనికి సర్ బిరుదునొసగెను. చేపలు పట్టుట యన్న అతనికి మక్కువ. అందుకై నార్వే దేశమునకు వెళ్లుచుండెను. ఆ దేశముననే, 1899 ఆగస్టు 9వ తేదీన, డెబ్బదినాలుగవ యేట మరణించెను. సంయోజకతా సిద్ధాంతము చదువు విద్యార్థులలో ఎందఱో అతని పేరు ఎఱుగరు. మురుగుమళ్లను త్రవ్వు పనివారు అసలే ఎఱుగరు.

మందులదుకాణమున మూటలు మోసిన బాలుడు శాస్త్రలోకమున ఉన్నతాసనమునెక్కెను. ఎక్కిన పిదప మురుగును చూచి ముక్కు మూసికొనలేదు. మన యూళ్లలో మురుగుకాలువ చెరువునకో యేటికో చేరి ముగియుట మనమెఱిగినదే. దానికి అడ్డముగా ఒక మడి కట్టి పచ్చని గడ్డి నాటుట సులభము. నాటిననాడు పండుగవలె నుండును. దానికి దినదినము విశ్రాంతినిచ్చుట, ముందరి తొట్టిని యేటేట తోడుట కష్టము. ఆ పనికి పండుగ లేదు, పేరు లేదు. ఫ్రాంక్‌లండ్ ముప్పదినాలుగేండ్లు నెలనెల చేసినది అట్టి పనియే. అతని జీవితమునుండి మనము గ్రహింపవలసిన పాఠము కూడ అదియే.